కంచె చేను మేసినవేళ
(స్వప్రతిరక్షకములు – రోగము, రోగనిర్ణయము: ప్రసంగ పాఠము)



కంచే చేను మేసినచో కాపు చేయగలిగినదేమి అని తెనుగునాట పెద్దల మాట ఒకటి ఉన్నది. కృష్ణా పడమటి డెల్టా కాలువల క్రింద వరియు మినుమును పండించు అమృతలూరు ప్రాంతపు రైతునకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. చేనికి శత్రువు వెలుపలినుండి వచ్చు పశువు. దానిని ఆపుటకే కంచె. ఆ కంచెయే చేనిని తినసాగినచో పంటయు పోవును, కాపాడునదియు మిగులదు. మనుష్యదేహములో ఇట్టి విపరీతము జరుగుట కలదు. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

ఒక గృహిణిని ఊహించుకొనవచ్చును. వయస్సు నలువదికి లోపల. తెల్లవారుజామున లేచి గేదెపాలు పితుకబోవును, వ్రేళ్లు ముడుచుకొనవు. చెంబు చేతిలో నిలువదు. గంటకు పైగా గడచి, ఎండ ఎక్కిన పిదపగాని చేతులు స్వాధీనమునకు రావు. రెండు చేతుల వ్రేళ్ల కణుపులును, మణికట్లును ఒకే తీరున వాచియుండును. ఇరుగుపొరుగువారు వాతమందురు, కొందరు నీరు పట్టినదందురు. తైలమర్దనములతోను, నొప్పి బిళ్లలతోను నెలలు గడచిపోవును. ఒకనాడు ఎవరో చెప్పగా తెనాలి వెళ్లి రక్తపరీక్ష చేయించుకొనును. కాగితముపై ‘ఆర్.ఏ. ఫ్యాక్టర్ – పాజిటివ్’ అని వ్రాసియుండును.

ఆ మాటకు అర్థమేమి? రోగము నిశ్చయమైనట్లేనా? ‘నెగటివ్’ అని వచ్చియుండినచో రోగము లేనట్లేనా? ఇవి పండితులకు మాత్రమే చెందిన ప్రశ్నలు కావు. మరి పదియేండ్లకు ఆ ఇల్లాలి వ్రేళ్లు వంకరపోవునా, నిటారుగా నిలుచునా అనునది ఈ ప్రశ్నలకు సకాలమున దొరకు సమాధానముపై ఆధారపడియున్నది.

దేహమునకు గల కంచె ఎట్టిదో ముందు తెలిసికొనవలెను. రక్తములోని తెల్లకణములలో లింఫోసైట్లు అను జాతి కలదు. వానిలో ఒక తెగ ప్రతిరక్షకములను, అనగా వైద్యులు యాంటీబాడీలని పిలుచు మాంసకృత్తులను, తయారుచేయును. ఒక్కొక్క ప్రతిరక్షకము పంగలకఱ్ఱ ఆకారమున నుండును. పంగ రెండు కొనలును శత్రువును పట్టుకొనును. కాడ తక్కిన రక్షకబలమును పిలిచి శత్రువును చూపును. తాళమునకు దాని చెవియే పట్టినట్లు, ఒక ప్రతిరక్షకము తనకు సరిపడిన వస్తువునకే పట్టును. తట్టు వచ్చి తగ్గిన బిడ్డకు అది తిరిగి రాకుండుటకును, ధనుర్వాతపు టీకా మందు పనిచేయుటకును ఈ ప్రతిరక్షకములే కారణము.

ఏ క్రొత్త శత్రువు ఎప్పుడు వచ్చునో దేహమునకు ముందుగా తెలియదు. కావున అది లెక్కకు మిక్కిలియైన ఆకారములలో ప్రతిరక్షకములను చేయగల కణములను పుట్టించి ఉంచుకొనును. ఇన్నిటిలో కొన్ని దేహములోని స్వంత వస్తువులకే పట్టునట్టివి పుట్టుట సహజము. అట్టివానిని ఎముకలలోని మూలుగులోనే చాలవరకు ఏరివేయుట, లేక నోరు మూయించి ఉంచుట జరుగుచుండును. ఈ ఏరివేతలో తప్పించుకొన్న కణములు విజృంభించి స్వంత దేహముపై ప్రతిరక్షకములను విడిచినచో వానిని స్వప్రతిరక్షకములు, ఆటోయాంటీబాడీలు, అందురు.

ఇట్టిది జరుగునని నమ్ముటకు శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టెను. జర్మనీ దేశపు మహాశాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ 20వ శతాబ్ద్యారంభమున, దేహము తన్ను తాను విషముతో కొట్టుకొనుటకు జంకునని చెప్పి, ఆ జంకునకు లాటిను భాషలో ఒక పేరు పెట్టెను. కొలది కాలమునకే, 1904లో, వియన్నా నగరమున జూలియస్ డోనత్, కార్ల్ లాండ్‌స్టీనర్ అను ఇద్దరు దానికి విరుద్ధమైన నిదర్శనమును చూపిరి. చలి సోకినంతనే ఎఱ్ఱని మూత్రము పోయు రోగులు కొందరుండిరి. వారి రక్తములో, వారి ఎఱ్ఱకణములకే చలిలో అంటుకొని, వెచ్చబడగనే వానిని చీల్చివేయు పదార్థము ఉన్నదని తేలెను. ఈ లాండ్‌స్టీనరే రక్తములోని వర్గములను కనిపెట్టినవాడు. అయినను ఎర్లిక్ మాటకు గల గౌరవముచేత, ఇది ఏదో అరుదైన వింతయని వైద్యలోకము అర్ధశతాబ్ది పర్యంతము ప్రక్కనబెట్టెను.

నిదర్శనములు ఒక్కొక్కటిగా పోగైనవి. 1940లో నార్వే దేశమున ఎరిక్ వాలర్, కీళ్లవాపు రోగుల రక్తరసములో ఒక విచిత్రపదార్థమును గమనించెను. అదే నేడు ‘ఆర్.ఏ. ఫ్యాక్టర్’ అనబడునది, ప్రతిరక్షకముపైననే పుట్టిన ప్రతిరక్షకమది. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో మాల్కమ్ హార్‌గ్రేవ్స్, లూపస్ అను వ్యాధిలో తెల్లకణములు ఇతర కణముల కేంద్రకములను మ్రింగి కూర్చుండుటను చూచెను. 1950లో సెయింట్ లూయీ నగరమున విలియం హారింగ్టన్ అను యువవైద్యుడు చేసినది సాహసమే అనవలెను. చర్మముపై ఎఱ్ఱని చుక్కలు లేచి రక్తము గడ్డకట్టని వ్యాధిగల రోగి రక్తమును అతడు తన నరములోనికే ఎక్కించుకొనెను. కొన్ని గంటలలో అతని ప్లేట్‌లెట్ కణములు ప్రమాదకరముగా పడిపోయెను. కొన్ని దినములకుగాని కోలుకొనలేదు. రోగకారణము రోగి రక్తరసములోనే ప్రవహించుచున్నదని దీనివలన ఋజువయ్యెను. 1956లో అమెరికాలో నోయెల్ రోజ్, విటెబ్స్కీలు కుందేళ్లయందును, లండనులో ఐవాన్ రోయిట్, డెబోరా డోనియక్ మొదలగువారు మనుష్యులయందును, కంఠమునందలి థైరాయిడ్ గ్రంథిపై స్వప్రతిరక్షకములు లేచుటను చూపిరి. ఆ పిమ్మట సందేహము మిగులలేదు.

ఈ స్వప్రతిరక్షకములు హానిచేయు విధములు నాలుగు ముఖ్యమైనవి.

మొదటిది ధ్వంసము. ఎఱ్ఱకణములకో, ప్లేట్‌లెట్లకో అంటుకొని వానిని నశింపజేయును. రోగి పాలిపోవును, లేదా రక్తస్రావమునకు లోనగును. రెండవది అడ్డగింపు. మయస్థీనియా అను వ్యాధిలో, నరము పంపు ఆజ్ఞను కండరము అందుకొను ద్వారమునకు స్వప్రతిరక్షకము గడియ వేయును. ఉదయము బాగుగనున్న మనిషికి సాయంకాలమునకు కనుఱెప్పలు వాలును, ముద్ద మ్రింగుట కష్టమగును. మూడవది ప్రేరేపణ. గ్రేవ్స్ వ్యాధిలో స్వప్రతిరక్షకము థైరాయిడ్ గ్రంథిని చంపదు. విశ్రాంతి లేక పనిచేయించును. మనిషి చిక్కిపోవును, గుండె దడదడలాడును, చేతులు వణకును, కన్నులు ముందుకు వచ్చును. నాలుగవది పేరుకొనుట. లూపస్ వ్యాధిలో ప్రతిరక్షకములును, అవి పట్టిన పదార్థములును ముద్దలై మూత్రపిండముల జల్లెడలో చిక్కుకొని దానిని పాడుచేయును.

రోగము నిజముగా ప్రతిరక్షకమువలననే కలుగుచున్నదని చెప్పుటకు ప్రకృతి ఇచ్చిన సాక్ష్యము ఒకటి కలదు. తల్లి ప్రతిరక్షకములు మావి దాటి గర్భస్థశిశువునకు చేరును. బిడ్డకు తొలి నెలలలో రక్షణ దానివలననే కలుగును. మయస్థీనియా గల తల్లికి పుట్టిన బిడ్డలలో కొందరు పుట్టగనే సత్తువలేక, పాలు త్రాగలేక బాధపడుదురు. కొన్ని వారములకు తల్లి ఇచ్చిన ప్రతిరక్షకము కరగిపోగా, ఆ బాధయు వదలిపోవును. బిడ్డ దేహము దానిని చేయలేదు; అరువు తెచ్చుకొన్నది; అరువు తీరినంతనే రోగము తీరినది.

ఇంతవరకు చెప్పినది రోగకారణము. ఇక రోగనిర్ణయము. పొరపాట్లు ఎక్కువగా జరుగునది ఇచ్చటనే.

స్వప్రతిరక్షకములన్నియు హానికరములు కావు. కొన్ని రోగమునకు గుర్తులు మాత్రమే. ఆరోగ్యవంతుల రక్తములోను అవి కొలదిగ నుండును; వయస్సు పెరిగిన కొలది హెచ్చును. ఇందు చిన్న లెక్క ఒకటి వేసి చూడవచ్చును. ఒక గ్రామములో 1000 మంది పెద్దవారున్నారనుకొందము. వారిలో కీళ్లవాపు వ్యాధి, అనగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, నిజముగా కలవారు 8 మంది అనుకొందము. ఆర్.ఏ. ఫ్యాక్టర్ పరీక్ష రోగులలో నాల్గింట మూడువంతుల మందిని పట్టునని కొన్నచో, 6 గురు పాజిటివ్. తక్కిన 992 మంది వ్యాధి లేనివారిలో నూటికి 5 గురు చొప్పున పాజిటివ్ వచ్చినను, సుమారు 50 మంది అగుదురు. అనగా గ్రామమందరికి పరీక్షచేసినచో పాజిటివ్ వచ్చిన 56 మందిలో రోగులు 6 గురే. నెగటివ్ వచ్చి ఇంటికి పంపబడినవారిలో ఇద్దరు నిజమైన రోగులు. పరీక్షలో తప్పులేదు. దానిని ఎవరికి చేయవలెనో విచారించకపోవుటలో తప్పున్నది. అదే పరీక్షను, ఉదయమున గంటకు పైగా కీళ్లు బిగుసుకొని, రెండు చేతుల చిన్నకీళ్లు ఆరువారములకు పైగా వాచియున్నవారికి మాత్రమే చేసినచో, ఆ కాగితమునకు విలువ ఎన్నో రెట్లు పెరుగును.

కుష్ఠు, క్షయ, కొన్ని కాలేయరోగములు, గుండె లోపొర రోగములలో కూడ ఆర్.ఏ. ఫ్యాక్టర్ కనబడును. 2006లో ఆంధ్రదేశమున చికున్‌గున్యా జ్వరము వ్యాపించినపుడు జ్వరము తగ్గిన పిదపకూడ నెలల తరబడి కీళ్లనొప్పులతో బాధపడినవారు ఎందరో. అట్టి వాపు రుమటాయిడ్ వ్యాధిని పోలియుండును గాని చాలమందిలో క్రమముగా తగ్గిపోవును. కావున ప్రక్కింటివారికి వచ్చిన పేరే తనకును వచ్చినదని మందు పంచుకొనుట ప్రమాదము.

2000 ప్రాంతమునుండి ‘యాంటీ సి.సి.పి.’ అను మరియొక పరీక్ష వాడుకలోనికి వచ్చినది. ఆరోగ్యవంతులను రోగులుగా పొరబడుట దీనిలో బాగుగ తక్కువ. కొందరి రక్తములో ఈ స్వప్రతిరక్షకము కీళ్లు వాచుటకు కొన్ని సంవత్సరములకు ముందే కనబడును. పొగత్రాగువారిలో ఈ తరహా వ్యాధి ఎక్కువయని తేలినది. చుట్ట, బీడీ, సిగరెట్టు ఊపిరితిత్తులకే కాక కీళ్లకును శత్రువులని దీనివలన తెలియుచున్నది.

లూపస్ వ్యాధిని పట్టుటకు చేయు ‘ఏ.ఎన్.ఏ.’ పరీక్ష కథయు ఇట్టిదే. రక్తరసమును 40 వంతుల పలుచన చేసి చూచినచో ఆరోగ్యవంతులలో నూటికి 25 మందికి పైగా పాజిటివ్ రాగలదు. 160 వంతుల పలుచనలో నూటికి సుమారు 5 గురికి. కావున పాజిటివ్ అను మాటకంటె దాని ప్రక్కనున్న అంకె ముఖ్యము. ఆ అంకెకంటె రోగి దేహములో కనబడు గుర్తులు ముఖ్యము. యువతిలో విడువని జ్వరము, బుగ్గలపై ఎఱ్ఱని మచ్చ, జుట్టు రాలుట, నోటిపూత, కీళ్లనొప్పి, మూత్రములో నురుగు, కాళ్లవాపు – వీనిలో కొన్ని కలిసి వచ్చినచో ఆలస్యము తగదు. పదిమంది లూపస్ రోగులలో సుమారు తొమ్మండుగురు స్త్రీలే.

మరియొక స్వప్రతిరక్షకమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఫాస్ఫోలిపిడ్లు అను క్రొవ్వు పదార్థములతో కూడిన మాంసకృత్తులపై లేచు ప్రతిరక్షకములు రక్తమును అకాలమున గడ్డకట్టించును. మావి పనిని చెడగొట్టి గర్భములు నిలువకుండ చేయును. 1983లో లండనులో గ్రహమ్ హ్యూస్ ఈ రోగలక్షణములను వర్ణించెను. పల్లెలలో వరుసగ గర్భములు పోయిన కోడలిని ఎన్ని మాటలందురో, ఏయే దోషములు అంటగట్టుదురో అందరు ఎరిగినదే. గర్భము పోవుటకు కారణములు అనేకము. వానిలో ఇది ఒకటి. కాని ఇది తేలినచో చికిత్స కలదు. గర్భిణికి కొలదిమోతాదు ఆస్పిరిన్, హెపారిన్ సూదిమందులు వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చుటవలన చాలమంది తల్లులు బిడ్డలను కనుచున్నారు. ఈ పరీక్ష ఒకసారి పాజిటివ్ వచ్చినంత మాత్రమున చాలదు. 12 వారముల పిదప మరల చేసి రూఢి చేసికొనవలెను. ఆ ఇల్లాలిని నిందించుటకు ముందు ఆమెను పరీక్షకు పంపుట ధర్మము.

ఇక తొలుత చెప్పిన గృహిణి విషయము. ఆమెకు వైద్యుడు చేతులు పట్టి చూచి, పరీక్షలు కలిపి చదివి, రుమటాయిడ్ వ్యాధియని నిర్ణయించెననుకొందము. వ్యాధి మొదలైన తొలి నెలలు అమూల్యములు. ఎముక ఒకసారి కొరికివేయబడిన పిదప ఏ మందును దానిని తిరిగి పెట్టజాలదు. నొప్పిబిళ్లలు నొప్పిని కప్పును. కంచె మేయుటను ఆపవు. ఆపునట్టి మందులలో ప్రపంచమంతట మొదట చేపట్టబడునది మెథోట్రెక్సేట్. ఈ మందు కథ తెలుగువారు గర్వముతో వినదగినది.

1895 జనవరి 12న భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరెను. సోదరుని స్ప్రూ అను జీర్ణరోగమునకు కోల్పోయిన దుఃఖము ఆయన మనస్సులో నుండెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేసి, 1940లో న్యూయార్కు సమీపమునందలి లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లెను. అచ్చట ఆయన నాయకత్వమున 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. స్ప్రూ వ్యాధికి అది మందు. పిదప ఆ బృందమే, ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను, దాని వెంటనే మెథోట్రెక్సేట్‌ను తయారుచేసెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 1947 చివర రక్తపు క్యాన్సరు పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి తాత్కాలికోపశమనము చూచెను. 1948 ఆగస్టులో సుబ్బారావు 53 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. 1951లో గబ్నర్ అను వైద్యుడును, ఆయన సహచరులును కీళ్లవాపు రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి గుణము కనుగొనిరి. అనేక పరీక్షల పిదప 1988లో అమెరికా ప్రభుత్వము రుమటాయిడ్ వ్యాధికి మెథోట్రెక్సేట్‌ను అంగీకరించెను. స్వప్రతిరక్షకముల శాస్త్రము వికసించుట చూడకయే సుబ్బారావు పోయెను. కాని ఆ శాస్త్రము వివరించిన రోగమునకు ఆయన ప్రయోగశాల మందే ఆధారమైనది. ఇంకొక విశేషము: ఈ మందు తెచ్చు బాధలు తగ్గించుటకు వైద్యులు దానితోపాటు ఫోలిక్ ఆమ్లమును కూడ ఇత్తురు. రోగి చేతిలోని రెండు బిళ్లలును ఒకే తెలుగువాని పరిశ్రమ ఫలములు.

అయితే ఒక హెచ్చరిక ఎంత గట్టిగ చెప్పినను చాలదు. కీళ్లవ్యాధికి మెథోట్రెక్సేట్ వారమునకు ఒక్కదినము మాత్రమే. చీటి చదువరాక, తక్కిన బిళ్లలవలె దినదినము మ్రింగినవారికి నోరు పుండ్లుపడి, రక్తకణములు పడిపోయి, ప్రాణములు పోవుట జరిగినది. ఏ వారమున వేసికొనవలెనో క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనవలెను. చదువురాని పెద్దలకు ఇంటిలో చదువుకొన్న పిల్లలు ఆ భారము వహింపవలెను. గర్భిణులును, గర్భము కోరువారును దీనిని వాడరాదు. మద్యము మానవలెను. నిర్ణీతకాలమున రక్తపరీక్ష, కాలేయపరీక్ష చేయించుకొనుచుండవలెను. నొప్పి తగ్గినదని తనంత తాను మానుటయు, తగ్గలేదని తనంత తాను పెంచుటయు రెండును తప్పే. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థయందు ఇట్టి రోగములకు ప్రత్యేక విభాగము కలదు. గుంటూరు ప్రభుత్వ వైద్యశాల దగ్గరి త్రోవ.

చెప్పిన విషయమంతయు ఒక్క మాటలో ఇముడును. స్వప్రతిరక్షకము సాక్షి, న్యాయాధిపతి కాదు. పంచాయతిలో ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పు పెద్ద ఉండడు; సాక్షిని పిలువకయే తీర్పు చెప్పు పెద్దయు ఉండడు. రోగి కథ, దేహములోని గుర్తులు, రక్తములోని సాక్ష్యము – మూడును కలిసినప్పుడే నిర్ణయము. కాగితము చూచి భయపడి క్రుంగిపోవుటయు, వాతమని చెప్పుకొని ఏండ్లు గడుపుటయు సమానమైన నష్టములు.

ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము పుస్తకమును ఇంటింటికి చేర్చినది. సాయంకాలము పత్రిక చదువుటకు వచ్చువారు, ఉదయము వ్రేళ్లు ముడువలేని తమ ఇంటి ఆడవారిని ఒకసారి అడిగి తెలిసికొన్నచో, ఎండ ఎక్కువరకు ఆ చేతులు బిగుసుకొని యుండుచున్నవని తేలినచో, ఆ వారములోనే వైద్యునియొద్దకు తీసికొనిపోయినచో, ఈ ప్రసంగమునకు ప్రయోజనము చేకూరినట్లే.

శుభమ్.